వాడ గుడి ముందు వేలం పాట: ఊరిని రప్పించిన కోత పండుగ అంగడి నిలిచేనా?

డోర్నకల్: వరి కోతలు ముగింపుకు వచ్చే రోజుల్లో డోర్నకల్ చుట్టుపక్కల గ్రామాల చర్చిల ముందు ఒక పూట అంగడి లేస్తుంది. ఇది వారపు అంగడి కాదు. తైబజారు వసూలు లేదు, దళారీ లేడు, తక్కెడతో కూడా పెద్దగా పని పడదు. ఆదివారం ప్రార్థన కాగానే పీఠం ముందు పేర్చిన గుమ్మడికాయలు, సొరకాయలు, అరటి గెలలు, వడ్ల గంపలు, కందుల మూటలు, కాళ్లు కట్టిన నాటుకోళ్లు ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. సంఘ పెద్ద ఒకరు బల్ల ఎక్కి వస్తువును పైకెత్తి అందరికీ చూపుతారు. సర్కారువారి పాట ఇంత అంటారు. ఆ మీద ఒకరు పది పెంచితే మరొకరు ఇరవై పెంచుతారు. బజారులో ముప్పై, నలభై రూపాయలకు దొరికే గుమ్మడికాయ ఇక్కడ మూడు వందలకు పోయినా ఎవరూ ఆశ్చర్యపోరు.

దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) చర్చిలలో ఏటా జరిగే కోత పండుగ ఇది. అన్ని గ్రామాల్లో ఒకే తేదీన జరగదు. కోతలు, అయ్యగారి వీలు చూసుకుని ఒక్కో సంఘం ఒక్కో ఆదివారం పెట్టుకుంటుంది. పండిన దానిలో మొదటి పాలు దేవునికి అర్పించడం దీని ఉద్దేశం. అది సంఘస్థుల విశ్వాసానికి సంబంధించిన సంగతి. అయితే ప్రార్థన ముగిసి వేలం మొదలయ్యాక జరిగేది మొత్తం ఊరికి సంబంధించినది. ప్రార్థన సంఘస్థులది, వేలం పాట అందరిది. ఈ తేడా చిన్నదిగా కనిపించినా దానిలోనే ఉంది అసలు విషయం.

2025 అక్టోబరు చివరలో మొంథా తుపాను వర్షాలకు డోర్నకల్ స్టేషనులో రైలు పట్టాలు నీట మునిగి బండ్లు నిలిచిపోయిన సంగతి జిల్లా ప్రజలకు గుర్తుండే ఉంటుంది. అంతకు ఏడాది ముందే, 2024 సెప్టెంబరు 1 నాటి వరదకు ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. రెండుసార్లూ పైరు దెబ్బతిన్నది. కోతకు వచ్చిన వరి పడిపోయింది, విచ్చిన పత్తి తడిసి నల్లబడింది. పంటే చేతికి రాని ఏడు కోత పండుగ ఎట్లా చేస్తారన్న ప్రశ్న సహజం. కానీ ఈ అంగడికి వచ్చిన చిక్కు వాన ఒక్కటే కాదు. వాన రాని ఏడు కూడా గుడికి వచ్చే గంపలు తగ్గుతున్నాయి. దానికి కారణం పొలంలో ఉంది, బ్యాంకు పాసుపుస్తకంలో ఉంది, కొంత మనుషుల్లో కూడా ఉంది.

గింజలే కైకిలి అయిన రోజులు

ఈ ఆచారం ఇక్కడ ఎట్లా వేళ్లూనుకున్నదో తెలియాలంటే వంద ఏండ్లు వెనుకకు పోవాలి. తిరునల్వేలి ప్రాంతంలోని వెల్లలన్‌విలైలో 1874లో పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో డోర్నకల్ వచ్చారు. అప్పటికి ఇది నైజాం రాజ్యంలో ఒక రైల్వే జంక్షను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్‌గా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదటిసారి. 1945 జనవరి 1న కన్నుమూసేవరకు ఆయన మకాం డోర్నకల్‌లోనే.

ఆయన దగ్గరికి వచ్చిన వారిలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. సొంత భూమి లేనివారు, దొరల పొలాల్లో వెట్టి చేసినవారు, చేతిలో రూపాయి ఆడనివారు. సంఘాలు విదేశీ మిషను డబ్బు మీద ఆధారపడకుండా తమ ఖర్చు తామే భరించాలన్నది అజరయ్య పట్టుదల. క్రైస్తవులు ఎట్లా ఇవ్వాలన్న దాని మీద ఆయన ఒక పుస్తకమే రాశారు. డబ్బు లేనివారు ఏమి ఇవ్వగలరు? వారికి కైకిలి గింజల్లోనే ముట్టేది. కనుక ఇచ్చేది కూడా గింజల్లోనే. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం పోసేముందు ఇల్లాలు పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. వారానికోసారి ఆ బియ్యం గుడికి చేరేవి. ఏడాదికోసారి కోత పండుగకు మానికెడు వడ్లు, పెరటి సొరకాయ, కోడిపెట్ట చేరేవి.

గుడికి చేరిన వడ్లు, సొరకాయ, కోడి డబ్బు కావాలంటే ఎవరైనా కొనాలి. సంఘస్థులందరూ పేదలే అయినప్పుడు కొనేవారు ఊళ్లో నుంచి రావాలి. మత ప్రచారం కోసమో, స్నేహం కోసమో ఎవరో కూర్చుని ఆలోచించి ఈ వేలానికి ఊరివారిని పిలిచారని అనుకోనక్కరలేదు. అమ్మాలంటే కొనేవాడు కావాలి, అంతే. ఆ అవసరమే తలుపు తెరిచింది.

ఊరు, వాడ అని రెండుగా ఉన్న తెలంగాణ పల్లెలో దీని అర్థం ఏమిటో పెద్దవారికి వివరించనక్కరలేదు. బావి వేరు, దారి వేరు, హోటలులో గ్లాసు వేరు. వాడవారు పని కోసం ఊళ్లోకి పోవడమే తప్ప ఊరివారు వాడకు పనిగట్టుకుని వచ్చే సందర్భాలు బహు తక్కువ. పీర్ల పండుగనాడు ఊరంతా ఒకచోట చేరేది గానీ అక్కడ కూడా ఎవరు నిలబడే చోటు వారికి ఉండేది. చర్చి సాధారణంగా వాడలోనో వాడ పక్కనో ఉంటుంది. కోత పండుగనాడు ఊరి రైతు ఆ దారిన నడిచి వచ్చి, వాడ మనిషి ఎత్తి చూపిన గుమ్మడికాయకు పాట పాడి, గెలిచి, భుజాన పెట్టుకుని ఇంటికి పోయి కూర వండించుకుంటాడు. వాడ ఇంటి పెరట్లో కాసినది, వాడ స్త్రీ చేత్తో కోసినది. ఒకనాడు ముట్టుకోనిది ఈనాడు పోటీపడి కొన్నది. ఇది ఉపన్యాసంతో వచ్చిన మార్పు కాదు.

అంతటితో అంటరానితనం పోయిందని చెబితే అబద్ధం అవుతుంది. గుమ్మడికాయ కొన్న రైతు ఇంట్లో దానిని పండించిన మనిషి వాకిలి దాటి లోపలికి పోగలిగాడా అంటే చాలాచోట్ల పోలేదు. అయినా ఏడాదిలో ఒక పూట అమ్మేవాడుగా, బల్ల ఎక్కి పాట పాడించేవాడుగా వాడ మనిషి నిలబడటం చిన్న విషయం కాదు. మిగతా రోజుల్లో కైకిలి ఎంతో చెప్పేది రైతు. ఆ పూట ధర చెప్పేది, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని గంట కొట్టేది వాడవారు.

1939 జనవరి 6న ప్రతిష్ఠించిన డోర్నకల్ పెద్ద గుడిని చూసినా ఇదే ధోరణి కనిపిస్తుంది. మసీదును తలపించే గుమ్మటాలు, మినార్లు, గుడి మండపాన్ని తలపించే స్తంభాలు ఒకే కట్టడంలో ఉన్నాయి. పరాయి దేశపు కట్టడం అనిపించకూడదన్నది అజరయ్య ఉద్దేశం. రైలు దిగి దానిని చూడటానికి వచ్చేవారిలో అన్ని మతాలవారూ ఉంటారు.

పెద్ద తిరునాళ్లకూ దీనికీ తేడా

రాష్ట్రంలో పేరుమోసిన చర్చి ఉత్సవాలు లేకపోలేదు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ చర్చికి క్రిస్మస్‌నాడు జనం పోటెత్తుతారు. కరువు కాలంలో కూలీలకు తిండి పెట్టి కట్టించిన గుడి కనుక ఆ ప్రాంతంవారికి దాని మీద మతంతో పని లేని అభిమానం ఉంది. అటు విజయవాడలో గుణదల మేరీమాత ఉత్సవం ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరుగుతుంది. తలనీలాలు ఇచ్చేవారు, కొబ్బరికాయ కొట్టేవారు కూడా అక్కడికి వస్తారు. ఈ రెండుచోట్లా అంగళ్లు బారులు తీరుతాయి. అయితే అక్కడ అమ్మేవారు ఊరూరూ తిరిగే వ్యాపారులు, కొనేవారు దూరాల నుంచి వచ్చినవారు. సరుకు కొని డబ్బిచ్చాక ఇద్దరికీ మళ్లీ ముఖపరిచయం ఉండదు.

పల్లె కోత పండుగలో అట్లా కాదు. అమ్మినవారు, కొన్నవారు మర్నాడు అదే బోరింగు దగ్గర, అదే బస్టాండులో కలుస్తారు. పైగా పాట పాడిన డబ్బు అందరూ అక్కడికక్కడే కట్టరు. పత్తి అమ్మినంక కడతామనేవారు, మిర్చి పైసలు రాగానే ఇస్తామనేవారు ఉంటారు. సంఘం పుస్తకంలో పేరు, పద్దు రాసుకుంటారు. ఆ బాకీ అడగడానికి సంఘ పెద్ద ఆ ఇంటికి పోవాలి. పోయినప్పుడు మంచం వాల్చి కూర్చోమంటారు, చాయ ఇస్తారు. అంగడి ఒక్క పూటే గానీ దాని లెక్కలు సంక్రాంతి దాటాక కూడా నడుస్తాయి. ఇరుగుపొరుగు అనుబంధం వేలం పాటలో కన్నా ఈ బాకీలో ఎక్కువ ఉందంటే తప్పు కాదు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. గెలిచిన వస్తువును పాటగాడు ఇంటికి తీసుకుపోకుండా మళ్లీ వేలానికే ఇచ్చేస్తాడు. ఒకే కోడిపుంజు రెండు మూడుసార్లు అమ్ముడుపోతుంది. పిల్లలకు ఇది మంచి వినోదం. పుంజుకు మాత్రం ప్రాణం విసుగెత్తి ఉంటుంది.

కల్లం పోయింది, కుప్ప పోయింది

ఇప్పుడు అసలు చిక్కు చూద్దాం. వెనుక వరి కోసి, కట్టలు కట్టి, కల్లంలో కొట్టి, తూర్పార పట్టి, కుప్ప పోసేవారు. కుప్ప దగ్గరే కూలీలకు గింజలు కొలిచేవారు. దేవుని పాలు, పనివారి పాలు అక్కడే తేలేవి. ఇప్పుడు కోత మిషను చేనులో దిగితే గంటల్లో పని పూర్తి. వడ్లు ట్రాక్టరులో పడి నేరుగా కొనుగోలు కేంద్రానికి పోతాయి. అక్కడ తేమ 17 శాతానికి దిగేదాకా టార్పాలిను మీద ఆరబోయాలి. తర్వాత తూకం, లారీ, మిల్లు. 2025-26 వానాకాలం పంటకు క్వింటాలు సాధారణ రకం మద్దతు ధర 2,369 రూపాయలు, ఎ గ్రేడుకు 2,389 రూపాయలు. ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. పండించినవాడి ఇంటికి గింజ రాకుండానే పంట అమ్ముడుపోతున్నది.

పొలం ఉన్నవారి సంగతే ఇట్లా ఉంటే భూమి లేనివారి సంగతి చెప్పనక్కరలేదు. మిషను వచ్చినంక కోత కైకిలి పోయింది. ఉన్న పనులకు కైకిలి నగదులోనే. గింజల్లో కైకిలి ముట్టని మనిషి మానికెడు వడ్లు ఎక్కడి నుంచి తెస్తాడు? తిండి బియ్యం రేషను దుకాణం నుంచి వస్తున్నాయి. 2025 ఉగాది నుంచి ప్రభుత్వం సన్నబియ్యం ఇస్తున్న మాట నిజమే గానీ రేషను బియ్యం అమ్మడం, కొనడం నేరం. పిడికెడు బియ్యపు కుండను వేలం వేసేముందు పెద్దలు ఈ సంగతి కూడా ఆలోచించుకోవలసి వస్తున్నది.

పత్తి సాగు పెరగడం మరో దెబ్బ. పత్తిని గంపలో పెట్టి పీఠం ముందు అలంకరణకు పెట్టవచ్చు. వేలంలో కొనేదెవరు? కొన్నా చేసేదేమిటి? కూర వండుకోలేరు, కోడికి వేయలేరు. కంది, పెసర, నువ్వు వేసిన చేలల్లో పత్తి, మిర్చి వచ్చినంక పండుగ బల్ల మీద రకాలు తగ్గాయి. ఫలితంగా అర్పణ కోసం బజారుకు పోయి కూరగాయలు కొని తెచ్చేవారు ఉన్నారు. పెరటి కోడికి బదులు దుకాణం కోడి వస్తున్నది. పొద్దున కూరగాయల దుకాణంలో కొన్న కాలీఫ్లవరునే మధ్యాహ్నం చర్చి ముందు వేలంలో కొనడం చూసి కూరగాయల వ్యాపారి నవ్వుకుంటే అతని తప్పు లేదు.

వస్తువు తేలేనివారికి కవరు పద్ధతి వచ్చింది. కవరులో డబ్బు పెట్టి, మీద పేరు రాసి పళ్లెంలో వేస్తారు. పట్నంలో కొలువు చేసే పిల్లలు ఫోన్‌పేలో పంపుతారు. సంఘం లెక్క చూస్తే రాబడి తగ్గలేదు, కొన్నిచోట్ల పెరిగే ఉంటుంది. కనుక ఏమీ పోలేదని అనిపిస్తుంది. పోయింది కొనేవాడు. కవరును ఎవరూ వేలం వేయరు. కవరుకు ఊరి రైతు రానక్కరలేదు, పొరుగింటి ముస్లిం రానక్కరలేదు, కిరాణా సేటు రానక్కరలేదు. రాబడి వస్తున్నది, మనుషులు రావడం లేదు.

పాట పోటీ అయినప్పుడు

వేలానికి తనదైన రోగం కూడా ఉంది. అంగడి ధర కన్నా ఎక్కువకు పాడటం దానమే గానీ అది గొప్ప చూపించుకోవడానికి ఎప్పుడు మారుతుందో చెప్పలేం. 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి. సరిగ్గా కోతల కాలం. ఎన్నికల వేళ జనం గుమిగూడిన చోట గట్టిగా పాట పాడితే పేరు వస్తుందని ఆశపడేవారు అన్ని పార్టీలలో ఉంటారు. గుమ్మడికాయకు అయిదు వేలు పాడినవాడికి చప్పట్లు కొడతారు. అదే వరుసలో చేతిలో యాభై రూపాయలు పట్టుకుని ఒక సొరకాయ కోసం పొద్దుటి నుంచి నిలబడిన ముసలమ్మ మెల్లగా వెనుకకు జరుగుతుంది. ఆమె వచ్చే ఏడు రాదు. సంఘం పుస్తకంలో ఆ నష్టం ఎక్కడా కనిపించదు.

దీనికి మందు లేకపోలేదు. కూరగాయలను చిన్న చిన్న కుప్పలు పోసి మొదటి గంట స్థిర ధరకు అమ్మి, పెద్ద వస్తువులనే తర్వాత వేలం వేయవచ్చు. మహిళా సంఘాలవారు ఊరగాయలు, సకినాలు, అరిసెలు చేసి అమ్ముకోవడానికి చెట్టు కింద చోటు ఇవ్వవచ్చు. వారు ఏ మతంవారన్నది అడగనక్కరలేదు. అప్పుడు అమ్మేవారు కూడా రెండు వైపుల నుంచి వస్తారు. ఇన్నాళ్లూ ఊరు కొన్నది, వాడ అమ్మింది. ఊరు కూడా అక్కడ బల్ల వేసుకుని అమ్మితే, వాడ కొంటే, బాకీలు రెండు వైపులా ఉంటాయి.

మరో మాట కూడా చెప్పక తప్పదు. ఇప్పుడు మతం పేరు చెప్పి అనుమానాలు రేపడం సులువైపోయింది. చర్చి దగ్గరికి పోతే మతం మారుస్తారని ఒక వైపు, బయటివారిని ఆవరణలోకి రానివ్వడం ఎందుకని మరో వైపు మాటలు వినిపిస్తున్నాయి. ఈ అనుమానానికి తావివ్వకుండా ఉండాలంటే వేలం దగ్గర వేలమే జరగాలి. కొనడానికి వచ్చినవారికి కరపత్రం చేతిలో పెడితే అతను సొరకాయతో పాటు సందేహం కూడా ఇంటికి తీసుకుపోతాడు. సంఘ పెద్దలు ఈ విషయంలో జాగ్రత్తగా ఉన్నచోట ఊరి జనం రావడం మానలేదు. ఇక ఏనాడూ ఆ ఆవరణలో అడుగుపెట్టనివారు బయట నిలబడి అక్కడ ఏమి జరుగుతుందో చెప్పడం మానుకుంటే మంచిది.

ఇదిలా ఉండగా ఒకే ఊళ్లో సి.ఎస్.ఐ. చర్చి, కథోలిక గుడి, బాప్టిస్టు మందిరం, పెంతెకొస్తు ప్రార్థన మందిరం ఇట్లా నాలుగైదు ఉండటం సాధారణమైపోయింది. ఎవరి పండుగ వారిదే. కొన్నిచోట్ల ఒకరి వేలానికి మరొకరు పోవడం లేదు. పక్క మతంవాడు వస్తున్నాడు గానీ పక్క మందిరంవాడు రావడం లేదంటే ఆశ్చర్యమే.

వేలం జరిగే చోటు కూడా లెక్కకు వస్తుంది. ఎండ అని, వాన అని కొత్తగా కట్టిన హాలులోకి వేలాన్ని మార్చుతున్నారు. నాలుగు గోడల మధ్య, మైకు, కుర్చీల మధ్య జరిగే దానికి దారిన పోయేవాడు ఆగడు. గేటు దాటి, చెప్పులు విడిచి, కుర్చీలో కూర్చోవాలంటే పిలుపు కావాలి. చెట్టు కింద నిలబడటానికి పిలుపు అక్కరలేదు. సైకిలు స్టాండు వేసి కాసేపు చూసి, నచ్చితే పాడి, లేకపోతే వెళ్లిపోవచ్చు.

వేలం డబ్బు ఎటు పోతుందో కొన్నవారికి తెలియాలి. సంఘం ఖర్చులకు పోవడంలో తప్పు లేదు, అది ఇచ్చినవారి ఉద్దేశమే. కానీ వరదకు ఇల్లు కూలినవారికో, బడి పిల్లలకో అందులో ఒక పాలు కేటాయించి, ఆ సంగతి వేలానికి ముందే బల్ల మీద నుంచి చెబితే పాడేవారి గొంతు వేరుగా ఉంటుంది. కిందటి ఏటి లెక్క కూడా అక్కడే చదివి వినిపించవచ్చు. ఎవరి బాకీ ఎంత ఉందో మాత్రం చదవకూడదు. పత్తి తడిసిన ఏడు ఎవరు ఎందుకు కట్టలేదో ఊరందరికీ తెలుసు. ఆ పద్దును వచ్చే కోతల దాకా పుస్తకంలోనే ఉంచి, సంఘ పెద్ద మళ్లీ ఒకసారి ఆ ఇంటికి పోయి చాయ తాగి రావడమే మేలు.